గాలి దిశ వెతికిన మనిషి

బదిలీల ఉద్యోగంలో ఉన్నవాళ్లకి సామాను తక్కువ, ఊళ్లు ఎక్కువ. మేము ఇప్పటికి ఐదు రాష్ట్రాల్లో కాపురం పెట్టాం. ఎడారి అంచున ఉన్నాం, సముద్రం పక్కన ఉన్నాం, బ్రహ్మపుత్ర ఒడ్డున కూడా రెండేళ్లు ఉన్నాం. ఎక్కడికి వెళ్లినా, కొత్త క్వార్టర్స్ తలుపు తీయగానే మేము మొదట చూసేది వంటిల్లు కాదు, పైకప్పు. ఫ్యాన్ ఉందా, ఉంటే తిరుగుతుందా అని. బదిలీలు వచ్చేది ఎండాకాలంలోనే కదా!

ఒక ఊళ్లో మేము దిగిన ఇంట్లో ఫ్యాన్ బ్రహ్మాండంగా తిరిగేది. చప్పుడు కూడా లేదు. కానీ కింద పడుకున్నవాళ్లకి గాలి తగిలేది కాదు. రెగ్యులేటర్ అయిదులో పెట్టినా అంతే. కండెన్సర్ మార్పించాం. ఓల్టేజి తక్కువేమో అనుకున్నాం. రెండు రాత్రులు తడి తువ్వాలు కప్పుకుని పడుకున్నాం. మూడో రోజు మధ్యాహ్నం, అప్పుడు ఆరో తరగతిలో ఉన్న మా అమ్మాయి ఒక వింత కనిపెట్టింది. గది మధ్యలో గాలి లేదు గానీ, గోడకున్న క్యాలెండరు కాగితాలు మాత్రం రెపరెపలాడుతున్నాయి. మంచం మీద నిలబడి సన్నటి పేపరు ముక్కని చేత్తో పట్టుకుంటే అది కిందికి వాలకుండా పైకి లేచింది. మా ఫ్యాన్ గాలిని మా మీదకి తోయడం లేదు, పైకి లాగుతోంది!

మోటారు మళ్లీ చుట్టించినప్పుడు ఎవరో తీగలు తారుమారుగా కలిపారట. ఎలక్ట్రీషియన్ వచ్చి సరిచేసి బిగించేసరికి పది నిమిషాలు కూడా పట్టలేదు. అదే మోటారు, అవే రెక్కలు, అదే కరెంటు. తిరిగే దిశ ఒక్కటే మారింది. గాలి మా మీదకి దిగింది.

అంతటితో అయిపోలేదు. ఆ రోజు గదిలో థర్మామీటరు వేలాడదీశాం. ఫ్యాన్ వేసినా 36 డిగ్రీలే, ఆపినా 36 డిగ్రీలే. గది చల్లబడలేదు. మరి మాకు చల్లగా ఎందుకుంది? మా అమ్మాయి ఈ ప్రశ్న వదిలిపెట్టలేదు. ఇదే ప్రశ్న సుమారు 270 ఏళ్ల కిందట, ఒక మండుటెండ వేళ, చెమటతో తడిసిన చొక్కాలో కూర్చుని ఒకాయన వేసుకున్నాడు. ఆయన పేరు బెంజమిన్ ఫ్రాంక్లిన్. గాలిపటంతో మెరుపుని పట్టినవాడిగా మన సైన్సు పుస్తకాల్లో కనిపిస్తాడు. కానీ ఆయన జీవితమంతా చదివితే, మెరుపు కన్నా గాలే ఆయన వెంట ఎక్కువకాలం నడిచిందనిపిస్తుంది. ఆ కథ మా అమ్మాయికి చెప్పినట్టే మీకూ చెబుతాం.

ఫ్రాంక్లిన్ 1706 జనవరి 17న బోస్టన్‌లో పుట్టాడు. అప్పటికి అమెరికా అనే దేశం లేదు. ఇంగ్లండు ఏలుబడిలో ఉన్న వలసలు ఉండేవి. తండ్రి జోసయ్య సబ్బులు, కొవ్వొత్తులు తయారుచేసి అమ్ముకునేవాడు. ఆయనకి 17 మంది పిల్లలు. వాళ్లలో బెంజమిన్ పదిహేనోవాడు, మగపిల్లల్లో ఆఖరివాడు. బడికి వెళ్లింది రెండేళ్లే. పదేళ్లకే చదువు మాన్పించి తండ్రి తన పనిలో పెట్టుకున్నాడు. కొవ్వొత్తుల వత్తులు కత్తిరించడం, అచ్చుల్లో కొవ్వు పోయడం, అంగడిలో కూర్చోవడం. ఆ పని అతనికి నచ్చలేదు. ఊరు సముద్రం పక్కనే కాబట్టి మనసంతా నీళ్ల మీదే.

ఈతలో అతను గట్టివాడు. ఒకరోజు చెరువు గట్టున గాలిపటం ఎగరేస్తూ, దాన్ని ఒక కొయ్యకి కట్టి నీళ్లలోకి దిగాడు. తర్వాత కొయ్య నుంచి దారం విప్పుకుని, వెల్లకిలా తేలుతూ దాని కర్రముక్క చేత్తో పట్టుకున్నాడు. పైన గాలి గాలిపటాన్ని తోస్తోంది, గాలిపటం అతన్ని లాగుతోంది. ఇంకో పిల్లాడి చేతికి బట్టలిచ్చి, అవతలి గట్టుకి నడిచి రమ్మన్నాడు. తాను చెయ్యి కదపకుండా, కాలు ఆడించకుండా చెరువు దాటేశాడు. గాలి ఎటు వీస్తోందో ముందు చూసుకుంటే దాని చేత పని చేయించుకోవచ్చని ఆ పిల్లాడికి అప్పుడే తెలిసింది.

పన్నెండేళ్లప్పుడు అన్న జేమ్స్ దగ్గర అచ్చుపనిలో చేరాడు. పగలు అక్షరాలు కూర్చడం, రాత్రి అరువు తెచ్చుకున్న పుస్తకాలు చదవడం. పదహారేళ్ల వయసులో ఒక విధవరాలి పేరు పెట్టుకుని 14 ఉత్తరాలు రాసి, ఎవరికీ తెలియకుండా అన్న పత్రికకి చేరవేశాడు. అవి అచ్చయ్యాయి. రాసింది తమ్ముడేనని తెలిశాక అన్న మురిసిపోలేదు. ఇద్దరికీ పొసగలేదు. 1723లో, పదిహేడేళ్లప్పుడు, ఇంట్లో చెప్పకుండా పారిపోయి ఫిలడెల్ఫియా చేరాడు. జేబులో ఉన్న కొద్ది డబ్బుతో మూడు పెద్ద రొట్టెలు కొనుక్కుని, రెండు చంకల్లో రెండు పెట్టుకుని, మూడోది తింటూ ఆ ఊరి వీధుల్లో నడిచాడు. అదే ఊళ్లో తర్వాత సొంత అచ్చుకూటం పెట్టాడు, పత్రిక నడిపాడు, ఏటేటా పంచాంగంలాంటి పుస్తకం వేశాడు. 1731లో స్నేహితులతో కలిసి చందాల మీద నడిచే గ్రంథాలయం మొదలుపెట్టాడు. 1736లో మంటలార్పే స్వచ్ఛంద దళం ఏర్పాటు చేశాడు. ఒక్కడు కొనలేని పుస్తకాన్ని పదిమంది కలిసి కొనవచ్చు, ఒక్కడు ఆర్పలేని మంటని పదిమంది కలిసి ఆర్పవచ్చు. ఆయన చేసిన పనులన్నిటిలో ఈ లెక్క కనిపిస్తుంది.

1743లో ఒక రాత్రి చంద్రగ్రహణం పట్టింది. చూద్దామని ఫ్రాంక్లిన్ ఎదురుచూశాడు. ఫిలడెల్ఫియాలో ఈశాన్యం నుంచి పెనుగాలి లేచి, ఆకాశం మూసుకుపోయి, ఏమీ కనపడలేదు. ఈశాన్యాన ఉన్న ఊరు బోస్టన్. గాలి అటునుంచి వస్తోంది కాబట్టి తుపాను ముందు బోస్టన్‌నే కమ్మి ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. ఆయనా అలాగే అనుకున్నాడు. తర్వాత బోస్టన్ పత్రికలు వచ్చాయి. అక్కడ గ్రహణం చక్కగా కనిపించిందట, తుపాను ఆ తర్వాతే వచ్చిందట! బోస్టన్‌లో ఉన్న అన్నగారికి ఉత్తరం రాసి ఆ సంగతి రూఢి చేసుకున్నాడు. ఇతర వలసల నుంచి కూడా సమాచారం తెప్పించుకున్నాడు. చివరికి తేల్చింది ఏమిటంటే, గాలి ఈశాన్యం నుంచి వీస్తున్నా, తుపాను మాత్రం నైరుతి నుంచి ఈశాన్యానికి ప్రయాణిస్తోంది. ముఖానికి తగిలే గాలి ఒక దిశ, మొత్తం తుపాను నడిచే దిశ మరొకటి. మా ఇంట్లో ఫ్యాన్ తిరగడాన్ని చూసి గాలి వస్తోందనుకున్నాం మేము. చూసిందాన్ని నమ్మేముందు ఇంకొక చోట నుంచి సాక్ష్యం తెప్పించుకోవాలని ఆయనకి తెలుసు.

ఆ ఊళ్లో చలికాలం కూడా తక్కువది కాదు. గోడలో కట్టిన పొయ్యిలో కట్టెలు మండిస్తే, వేడి చాలావరకు పొగగూటిలోంచి పైకి పోయేది. మనిషికి ముందు కాలేది, వీపు గడ్డకట్టేది. వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంది, చల్లగాలి ఆ ఖాళీలోకి వస్తుంది. ఈ సూత్రాన్ని పట్టుకుని, వేడి గదిలోనే తిరిగేలా ఇనప పొయ్యి ఒకటి తయారుచేసి, దాని వివరాలన్నీ 1744లో చిన్న పుస్తకంగా అచ్చువేశాడు. గవర్నరు దానికి పేటెంటు ఇస్తానంటే వద్దన్నాడు. ఇతరులు కనిపెట్టినవాటితో మనం సుఖపడుతున్నప్పుడు, మనం కనిపెట్టింది ఇతరులకి ఉచితంగా ఇవ్వడం సబబని ఆయన అభిప్రాయం. ఆ పొయ్యిలో లోపం లేకపోలేదు. పొగని ముందు కిందికి నడిపించి తర్వాత పైకి పంపాలి, అది ఒక్కోసారి మొండికేసేది. తర్వాత ఇతరులు దాన్ని సరిచేశారు.

ఇక మన వేసవి ప్రశ్న దగ్గరికి వద్దాం. 1750 జూన్‌లో ఒక ఆదివారం. ఫిలడెల్ఫియాలో నీడలో పెట్టిన థర్మామీటరు 100 ఫారన్‌హీట్ చూపించింది. అంటే మన లెక్కలో సుమారు 38 డిగ్రీలు. ఫ్రాంక్లిన్ కిటికీలు, తలుపులు బార్లా తీసి, పల్చటి చొక్కా, నార లాగూ వేసుకుని గదిలో కూర్చున్నాడు. ఇంట్లోంచి గాలి బాగా వీస్తోంది. చేతుల మీద చెమట కారుతోంది. చొక్కా తడిసిపోతుంటే మళ్లీ మళ్లీ పొడి చొక్కా మార్చుకుంటున్నాడు. అప్పుడు ఆయనకి ఒక అనుమానం వచ్చింది. చుట్టూ గాలి ఒంటి వేడి కన్నా ఎక్కువ వేడిగా ఉంది. ఒక రాయినో కొయ్యనో అక్కడ పెడితే కాసేపటికి అదీ అంతే వేడెక్కుతుంది. మరి తన ఒళ్లు ఎందుకు వేడెక్కడం లేదు?

జవాబు చెమటలో ఉందని గ్రహించాడు. నీరు ఆవిరి కావాలంటే వేడి కావాలి. చర్మం మీది చెమట ఆ వేడిని ఒంట్లోంచే తీసుకుని ఆవిరవుతుంది. గాలి కదలకపోతే, చర్మాన్ని అంటిపెట్టుకున్న గాలిపొర తేమతో నిండిపోతుంది, ఇక చెమట ఆరదు. గాలి వీస్తే ఆ తేమపొర కొట్టుకుపోయి, దాని స్థానంలో పొడిగాలి వస్తుంది. అందుకే గది చల్లబడకపోయినా మనిషి చల్లబడతాడు. మన అమ్మమ్మలు నీళ్ల కుండని గాలి వచ్చే గుమ్మం పక్కన పెట్టేది ఇందుకే. వట్టివేళ్ల తడికల మీద నీళ్లు చల్లేది ఇందుకే. మా థర్మామీటరు 36 దగ్గరే నిలబడి ఉండగా మాకు హాయిగా అనిపించిందీ ఇందుకే.

అనుకున్నంత మాత్రాన ఆయనకి తృప్తి కలగలేదు. 1758లో ఇంగ్లండులో ఉండగా, కేంబ్రిడ్జిలో జాన్ హాడ్లీ అనే రసాయనశాస్త్ర ఆచార్యుడితో కలిసి పరీక్ష చేశాడు. నీటికన్నా త్వరగా ఆరిపోయే ఈథర్ అనే ద్రవంతో థర్మామీటరు గుండుని తడపడం, కొలిమి తిత్తితో గాలి ఊదడం, ఆరగానే మళ్లీ తడపడం. గదిలో వేడి 65 ఫారన్‌హీట్, అంటే సుమారు 18 డిగ్రీలు. ఊదుతూ పోతే పాదరసం దిగి దిగి 7 ఫారన్‌హీట్‌కి, అంటే సున్నాకి దిగువన సుమారు 14 డిగ్రీలకి చేరింది. గుండు చుట్టూ మంచు పేరుకుంది. ఎండాకాలంలో కూడా మనిషిని చలికి చచ్చేలా చేయవచ్చు సుమా అని ఆశ్చర్యపోయాడు. ఈ వివరాలన్నీ చార్ల్‌స్టన్‌లో ఉన్న జాన్ లైనింగ్ అనే వైద్యుడికి ఉత్తరంగా రాశాడు.

ఆ ఉత్తరంలో పెన్సిల్వేనియా పొలాల్లో కోతలు కోసే కూలీల ప్రస్తావన ఉంది. మండుటెండలో పనిచేస్తున్నా, చెమట పోస్తున్నంతసేపు, పోయిన నీటికి సరిపడా తాగుతున్నంతసేపు వాళ్లు తట్టుకోగలుగుతారు. చెమట ఆగిపోతే కూలిపోతారు. ఒక్కోసారి ప్రాణమే పోతుంది. మనం వడదెబ్బ అనేది ఇదే. చెమట చిరాకు పెట్టేది కాదు, కాపాడేదని ఆయన ఆ కూలీలని చూసి చెప్పాడు.

అదే ఉత్తరంలో ఇంకో మాట కూడా ఉంది. దాన్ని దాటేసి పోవడం మాకు ఇష్టం లేదు. నల్లవాళ్లు ఎండని తెల్లవాళ్లకన్నా ఎక్కువ తట్టుకుంటారేమో, వాళ్ల చెమట ఇంకా త్వరగా ఆరుతుందేమో అని ఊహించాడు. థర్మామీటరు గుండుని తడిపి ఊది చూసిన మనిషి, ఈ ఊహని మాత్రం పరీక్షించలేదు. మనుషుల్ని కొని ఎండలో పని చేయించుకునేవాళ్లకి ఇలాంటి ఊహలు చాలా అనుకూలంగా ఉండేవి. ఫ్రాంక్లిన్ ఇంట్లో కూడా అప్పటికి బానిసలున్నారు. 1757లో ఆయన లండన్ ఓడ ఎక్కినప్పుడు పీటర్, కింగ్ అనే ఇద్దరు బానిసలు ఆయన కుటుంబంతో వెళ్లారు. కింగ్ అక్కడ తప్పించుకుని వెళ్లిపోయాడు. ఫ్రాంక్లిన్ పత్రికలో బానిసల అమ్మకం ప్రకటనలూ అచ్చయ్యేవి. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాం.

గాలి మీద ఆయన ఆసక్తి ఎంతటిదంటే, ఎండాకాలంలో నిప్పు లేని పొగగూటిని కూడా వదల్లేదు. ఖాళీగూటిలోంచి గాలి ఎటు పోతుందో రాత్రీ పగలూ చూశాడు. సాయంత్రం 5, 6 గంటల నుంచి మర్నాడు ఉదయం 8, 9 గంటల దాకా గాలి పైకి పోతోంది. ఆ తర్వాత సాయంత్రం దాకా కిందికి దిగుతోంది. రాత్రి బయటి గాలి కన్నా గూటి ఇటుకలు వెచ్చగా ఉంటాయి కాబట్టి లోపలి గాలి తేలికై పైకి, పగలు ఇటుకలు చల్లగా ఉంటాయి కాబట్టి బరువై కిందికి. ఇందులో వృథా పోయేదేముంది అనుకుని, ఆ గాలి దారిలో తడిబట్ట కప్పి పాలు, వెన్న, మాంసం చెడకుండా ఉంచవచ్చని మిత్రులకి సలహా ఇచ్చాడు. 1755లో మేరీలాండ్‌లో దారిన పోతుంటే ఒక సుడిగాలి లేచింది. తోటివాళ్లు ఆగిపోయారు. ఆయన మాత్రం గుర్రం మీద దాని వెంటపడి, కొరడాతో దాన్ని కొట్టి చెదరగొట్టాలని చూశాడు. సుడిగాలి చెదరలేదు. దాని పక్కనే సాగుతూ, అది ఎలా తిరుగుతోందో చూసుకుని వెనక్కి వచ్చాడు.

గాలిని ప్రేమించేవాడితో ఒక గదిలో పడుకోవడం కష్టమే. 1776 సెప్టెంబరులో, అమెరికా స్వాతంత్ర్యం ప్రకటించుకున్న రెండు నెలలకి, ఇంగ్లండు సేనానితో మాట్లాడడానికి వెళుతూ ఫ్రాంక్లిన్, జాన్ ఆడమ్స్ న్యూ బ్రన్స్‌విక్‌లో ఒక సత్రంలో దిగారు. గది చిన్నది, మంచం ఒకటే, కిటికీ ఒకటే. ఆడమ్స్ తర్వాత అమెరికా రెండో అధ్యక్షుడయ్యాడు గానీ, ఆ రాత్రికి మాత్రం జలుబుకి భయపడే మామూలు మనిషి. వెళ్లగానే కిటికీ మూసేశాడు. ఫ్రాంక్లిన్ తెరవమన్నాడు. జలుబు చల్లగాలి వల్ల రాదు, మూసిన గదుల్లో ఒకరి ఊపిరి ఇంకొకరు పీల్చడం వల్ల వస్తుంది అని పడుకుని ఉపన్యాసం మొదలుపెట్టాడు. కిటికీ తెరిచారు. ఆ ఉపన్యాసం వింటూ వింటూ ఆడమ్స్ నిద్రపోయాడు. ఈ సంగతి ఆయనే తన జీవితకథలో రాసుకున్నాడు.

ఆ ఏడాది చివర్లోనే ఫ్రాంక్లిన్ ఫ్రాన్సుకి రాయబారిగా వెళ్లి, దాదాపు తొమ్మిదేళ్లు ఉండి, 1785లో తిరిగివచ్చాడు. అప్పటికి ఆయనకి 79 ఏళ్లు. మూత్రాశయంలో రాయి. బండి కుదుపులకి కూడా తాళలేని నొప్పి. 1787 వేసవిలో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగసభ కూర్చుంది. అందరికన్నా పెద్దవాడు ఆయనే. లోపలి మాటలు బయటికి పొక్కకూడదని ఆ ఎండల్లో కిటికీలు మూసి ఉంచేవారని చెబుతారు. కిటికీ కోసం మంచంమీద ఉపన్యాసమిచ్చిన మనిషికి అది ఎలా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఆ జూలైలోనే మనాసే కట్లర్ అనే అతిథి ఫ్రాంక్లిన్ ఇంటికి వచ్చాడు. పెరట్లో మల్బరీ చెట్టు కింద ముసలాయన కూర్చుని ఉన్నాడు. తర్వాత ఇల్లంతా తిప్పి చూపించాడు. అక్కడ కట్లర్ చూసినవాటిలో ఒకటి ఊగే పెద్ద చేతుల కుర్చీ. దానిపైన, కూర్చున్నవాడి తలమీదికి వచ్చేలా, పెద్ద విసనకర్ర అమర్చి ఉంది. కాలు కొంచెం ఆడిస్తే చాలు, చదువుకుంటూనే పైనుంచి గాలి తగిలేది, ఈగలు పోయేవి. కరెంటు ఫ్యాన్ రావడానికి ఇంకా సుమారు వందేళ్లుంది.

ఆ కుర్చీ గురించి చదివినప్పుడల్లా మాకు మన దేశపు పాత పంకాలు గుర్తొస్తాయి. దొరల బంగళాల్లో, కచేరీల్లో పైకప్పుకి వేలాడే పెద్ద గుడ్డ పంకా ఉండేది. దాని తాడు గోడ రంధ్రంలోంచి బయటికి పోయేది. బయట వరండాలో ఒక కూలీ గంటల తరబడి ఆ తాడు లాగుతూ కూర్చునేవాడు. లోపలివాడి చెమట ఆరడానికి బయటివాడు చెమటోడ్చాలి. ఎవరికి గాలి తగులుతోంది అన్న ప్రశ్న పక్కనే, ఎవరి చెయ్యి నొప్పిపుడుతోంది అన్న ప్రశ్న కూడా ఉంటుంది. ఫ్రాంక్లిన్ కుర్చీలో విసిరే కాలు, గాలి తగిలే తల ఒక మనిషివే.

ఇప్పుడు ఇందాక ఆపిన సంగతికి వద్దాం. 1763లో ఫిలడెల్ఫియాలో నల్లపిల్లల కోసం నడుస్తున్న ఒక బడికి ఫ్రాంక్లిన్ వెళ్లాడు. పిల్లలు చదువుతుంటే విన్నాడు, గమనించాడు. ఆ పిల్లల తెలివి, జ్ఞాపకశక్తి తెల్లపిల్లలకి ఏమాత్రం తీసిపోవని, ఇన్నాళ్లూ తనకున్న అభిప్రాయం తప్పని ఉత్తరంలో రాశాడు. అభిప్రాయం మారినా నడవడి వెంటనే మారలేదు. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు ఆయన ఇంట్లో బానిసలున్నారు. పంతుళ్లుగా మాకు ఇది బాగా అర్థమయ్యే విషయం. తప్పు తెలియడం ఒక రోజు పని, దాన్ని దిద్దుకోవడం ఏళ్ల పని.

1787లో, రాజ్యాంగసభ కూర్చున్న ఏడాదే, పెన్సిల్వేనియాలో బానిసత్వ నిర్మూలన కోసం పనిచేసే సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఆ రాజ్యాంగం మాత్రం బానిసత్వాన్ని అలాగే ఉండనిచ్చింది. ఆయనా దానిమీద సంతకం పెట్టాడు. 1790 ఫిబ్రవరిలో, మంచం దిగలేని స్థితిలో, బానిసత్వాన్ని అంతం చేయడానికి పూనుకోవాలని కోరుతూ కాంగ్రెసుకి పంపిన విన్నపం మీద ఆ సంఘం తరఫున సంతకం చేశాడు. సభలో పెద్ద రగడ జరిగింది. విన్నపాన్ని పక్కన పెట్టేశారు. బానిసత్వాన్ని సమర్థించిన సభ్యుడి ఉపన్యాసాన్ని ఎగతాళి చేస్తూ మార్చిలో మారుపేరుతో ఒక వ్యాసం రాసి పత్రికలో వేయించాడు. పదహారేళ్లప్పుడు మారుపేరుతో మొదలుపెట్టిన కలం, 84 ఏళ్లప్పుడు మారుపేరుతోనే ముగించింది. 1790 ఏప్రిల్ 17న ఆయన కన్నుమూశాడు. అంత్యక్రియలకి సుమారు 20,000 మంది వచ్చారు. అడిగింది జరగడానికి ఇంకా 75 ఏళ్లు, ఒక అంతర్యుద్ధం పట్టింది.

1880ల్లో, సింగర్ కుట్టుమిషన్ల కంపెనీలో పనిచేసే ఫిలిప్ డీల్ అనే ఇంజనీరు, కుట్టుమిషను మోటారుకి రెక్కలు తగిలించి పైకప్పుకి వేలాడదీశాడు. మన నెత్తిన తిరుగుతున్నది దాని వారసురాలే. చలిదేశాల్లో ఫ్యాన్లకి దిశ మార్చే మీట ఉంటుంది. వేసవిలో గాలి కిందికి, చలికాలంలో మెల్లగా పైకి. పొయ్యి వెలిగించిన గదిలో పైకప్పు దగ్గర చేరిన వెచ్చటి గాలిని గోడల మీదుగా కిందికి దింపడానికి అది. మన ఎండలకి కావాల్సింది మొదటిదే.

పిల్లలూ, ఇవాళ ఇంటికి వెళ్లాక ఒకసారి చూడండి. గడియారం ముల్లు తిరిగే దిశా, దానికి ఎదురా అని వాదించుకోవద్దు. రెక్క వాలుని బట్టి అది మారవచ్చు. ఫ్యాన్ ఆగి ఉన్నప్పుడు ఒక రెక్కని చూడండి, ఒక అంచు ఎత్తుగా, ఒక అంచు పల్లంగా ఉంటుంది. తిరిగేటప్పుడు ఎత్తైన అంచు ముందు నడుస్తుంటే గాలి కిందికి దిగుతుంది. ఇంకా తేలిక పరీక్ష, ఫ్యాన్ కింద నేలమీదే నిలబడి తడిచెయ్యి పైకి చాపడం. చల్లగా తగిలితే సరే. తగలకపోతే పెద్దవాళ్లకి చెప్పండి. మెయిన్ ఆపి తీగలు మార్చాల్సింది ఎలక్ట్రీషియనే, మీరు కాదు. ఖాళీగదిలో ఫ్యాన్ ఆపేయండి, అది చల్లబరిచేది మనిషిని, గదిని కాదు. గదిలో వేడి 40 డిగ్రీలు దాటితే ఫ్యాన్ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. ఆ గాలి ఇంకా వేడెక్కిస్తుంది. నీళ్లు, మజ్జిగ తాగాలి, ఒళ్లు తడుపుకోవాలి. ఎండలో పనిచేసేవాళ్లు గుమ్మం ముందుకి వస్తే మొదట చల్లటి నీళ్లివ్వండి.

మా ఫ్యాన్ దిశ మారడానికి పది నిమిషాలు పట్టలేదు. ఫ్రాంక్లిన్ దిశ మారడానికి ఒక జీవితకాలం పట్టింది. ఆలస్యమైంది, పూర్తిగా దిద్దుకోలేకపోయాడు కూడా. అయినా తన కొలతలకి తానే ఎదురు నిలిచి, ఇన్నాళ్లూ తప్పు దిశలో తిరిగానని ఒప్పుకున్నాడు. మాకు వచ్చే ఏడాది మళ్లీ బదిలీ కావచ్చు. కొత్త ఇంటి తలుపు తీయగానే మేము పైకప్పు చూస్తాం. మా అమ్మాయి మాత్రం ఒక పేపరు ముక్క చించి పట్టుకుంటుంది.